అత్తయ్య చేత ఆట ఆడిస్తే తప్పా?

ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి ఒక కోడలు రాసిన ఉత్తరం ఇది. పేరు వేయవద్దన్నారు. నాలుగు పేజీల ఉత్తరం కాబట్టి ముఖ్యమైన సంగతులు మాత్రం చెబుతాను.

ఆమె పుట్టిల్లు టెక్కలి దగ్గర. మావగారికి పర్లాకిమిడి బజార్లో బట్టల దుకాణం. భర్త బెంగళూరులో ఉద్యోగం చేస్తూ రెండు మూడు నెలలకోసారి వస్తారు. ఇంట్లో అత్తమావలు, తను, ఇద్దరు పిల్లలు. అరవై మూడేళ్ల అత్తగారికి ఎనిమిది నెలల కిందట పక్షవాతం వచ్చి ఎడమ కాలు, ఎడమ చెయ్యి పడిపోయాయి. మాట పోలేదు. కాలు చాలావరకు తిరిగొచ్చింది, చెయ్యి ఇంకా పూర్తిగా రాలేదు. చేతికర్రతో ఇంట్లో తిరుగుతారు. కర్ర వదిలితే తూలుతారు. వారానికి మూడుసార్లు ఒక ఒడియా కుర్రాడు ఇంటికొచ్చి ఫిజియోథెరపీ చేయిస్తాడు. మంచివాడు, ఓపిక ఎక్కువ. కానీ అత్తగారికి ఆ వ్యాయామాలంటే విసుగు. అతను రాని రోజున మంచం దిగరు.

పోయిన నెల విశాఖలో న్యూరాలజీ డాక్టరుకి చూపించడానికి వెళ్లారు. అక్కడ ఫిజియోథెరపీ విభాగంలో ఒక అమ్మాయి అత్తగారిని చిన్న పలక మీద నిలబెట్టి, ఎదురుగా టీవీలో ఆట పెట్టింది. కుడివైపు బరువు వేస్తే తెర మీద బంతి కుడికి, ఎడమవైపు వేస్తే ఎడమకి దొర్లుతుంది. దాన్ని గుంటలో పడేయాలి. "మా అత్తయ్య నవ్వగా చూసి ఎన్నాళ్లయిందో. ఇంకొక్కసారి పెట్టమ్మా అని ఆ అమ్మాయిని బతిమాలారు" అని రాశారీమె.

గొడవ ఇంటికొచ్చాక మొదలైంది. అలాంటి ఆట పెట్టె పాతది ఆన్‌లైన్‌లో దొరుకుతోంది, పంపిస్తానని భర్త అన్నారు. అది పాతకాలంది, కళ్లకు పెట్టుకొనే వీఆర్ హెడ్‌సెట్ కొందామని హైదరాబాదులో ఉన్న మరిది అన్నాడు. ఇవేవీ అవసరం లేదు, నేను చెప్పినవి రోజూ చేస్తే చాలని ఇంటికొచ్చే థెరపిస్టు అన్నాడు. "అరవై దాటిన మనిషి చేత వీడియో గేములు ఆడిస్తారా, నలుగురూ చూస్తే నవ్వరా" అని మావగారు కేకలేశారు. పక్కింటావిడ ఏమందో కూడా రాశారు, అది ఇక్కడ వద్దు. ఈలోగా ఒక రాత్రి అత్తగారు బాత్రూముకి లేచి గడప దగ్గర జారి పడ్డారు. ఎముకలకు ఏమీ కాలేదు. మాట మాత్రం కోడలికి పడింది: "నువ్వు చూసుకోవద్దూ?"

ఉత్తరం చివర ఇలా ఉంది: "కొనమంటే కొంటాం. ఆ పలక మీంచి పడితే ఆ తప్పు నాదే అంటారు. కొనకపోతే అత్తయ్య ముఖం చూడలేను. మార్గశిరం నాటికి లక్ష్మివారం ముగ్గు తన చేత్తో పెట్టుకోవాలని ఆవిడ ఆశ. నాకు రాత్రయ్యేసరికి పడుకుంటే చాలనిపిస్తోంది. నన్నేం చేయమంటారు?"

అమ్మా, ఆ రోజు విశాఖలో మీ అత్తగారి చేత చేయించింది కాలక్షేపం కాదు, చికిత్సే. అది ఏం చేస్తుందో మీకు తెలిస్తే ఇంట్లో సగం వాదనలకు మీరే జవాబు చెప్పగలరు.

మనం పడిపోకుండా నిలబడటానికి మెదడుకి మూడు వైపుల నుంచి కబురు అందుతూ ఉండాలి. ఒకటి కళ్ల నుంచి, ఒకటి లోపలి చెవి నుంచి, ఇంకొకటి పాదాలు, కీళ్లు, కండరాల నుంచి. పక్షవాతం తర్వాత పడిపోయిన వైపు నుంచి వచ్చే కబురు సరిగా అందదు, అటువైపు కండరాలు చెప్పిన వేళకు బిగుసుకోవు. దాంతో మనిషి తనకు తెలియకుండానే బరువంతా బాగున్న కాలి మీదకు మార్చేసుకుంటుంది. మీ అత్తగారిని అడిగి చూడండి, "నేను నిటారుగానే నిలబడ్డాను కదా" అంటారు. ఆవిడ అబద్ధం చెప్పడం లేదు, ఆవిడకు నిజంగా అలాగే అనిపిస్తుంది. ఎడమ కాలికి పని తగ్గేకొద్దీ దాని మీద నమ్మకం పోతుంది. నమ్మకం పోయేకొద్దీ దానికి పని ఇంకా తగ్గుతుంది.

ఆ పలక ఈ చిక్కును కళ్లకు కట్టిస్తుంది. మీ వర్ణనను బట్టి అది నింటెండో కంపెనీ 'వీ ఫిట్' ఆటతో పాటు 2007లో జపాన్‌లో విడుదల చేసిన బ్యాలెన్స్ బోర్డు గానీ, అలాంటిదే మరొకటి గానీ అయి ఉండాలి. దాని నాలుగు మూలల్లో బరువు పసిగట్టే సెన్సర్లు ఉంటాయి. నాలుగింటి లెక్కా కలిపి మనిషి బరువు సరిగ్గా ఎక్కడ పడుతోందో కనిపెట్టి, దాన్ని తెర మీద బంతిగానో చుక్కగానో చూపిస్తుంది. ఇంట్లో వ్యాయామం చేసుకునే మామూలు జనం కోసం చేసిన వస్తువు అది. నిలబడినప్పుడు మనిషి ఎంత ఊగుతున్నాడో కొలవడంలో ఇది లాబొరేటరీల్లోని ఖరీదైన పరికరానికి దగ్గరగా వస్తోందని 2010లో పరిశోధకులు పరీక్షించి చూపించారు. ఫిజియోథెరపీ గదుల్లోనూ దీన్ని వాడుతున్నారు. మీ అత్తగారి విషయంలో జరిగింది ఇదీ: "ఎడమ కాలి మీద బరువు వెయ్యండి" అని ఎనిమిది నెలలుగా వింటున్న మాట ఆ రోజు ఆవిడకు మొదటిసారి కనిపించింది. బరువు వేస్తే బంతి కదిలింది, వేయకపోతే కదల్లేదు. ఇంకొక్కసారి పెట్టమని అడిగిన ప్రతిసారీ ఎడమ కాలు ఇంకో పాతిక ముప్ఫైసార్లు పని చేసి ఉంటుంది. మంచం మీద పడుకున్న మనిషి చేత అన్నిసార్లు చేయించాలంటే థెరపిస్టుకి ఎంత కష్టమో మీరు చూస్తూనే ఉన్నారు.

అలాగని ఆ పెట్టెలో మహిమ ఉందనుకోకండి. దీని మీద పరిశోధనలు చాలా జరిగాయి. వైద్య పరిశోధనలన్నిటినీ ఒకచోట చేర్చి తూకం వేసే కోక్రేన్ సంస్థ, పక్షవాతం వచ్చినవాళ్లకు వర్చువల్ రియాలిటీ (వీఆర్, అంటే కంప్యూటర్ బొమ్మల లోకాన్ని కళ్లెదుట చూపించే పద్ధతి), వీడియో గేములతో ఇచ్చిన చికిత్స మీద 2017లో ఒక సమీక్ష వేసింది. అందులో 72 ప్రయోగాలు, 2,470 మంది రోగుల వివరాలు ఉన్నాయి. అవి తెలిపిందేమిటంటే, మామూలు వ్యాయామాలు మానిపించి వాటి బదులు ఆట పెడితే నడకలో గానీ, నిలకడలో గానీ పెద్ద తేడా రాలేదు. మామూలు వ్యాయామం అలాగే ఉంచి, దానికి ఆట కలిపి మొత్తం సాధన సమయం పెంచినచోట కొంత మేలు కనబడింది, అదీ ముఖ్యంగా చేతి పనిలో. కెనడా పరిశోధకుల నాయకత్వంలో జరిగిన ఇంకో ప్రయోగం 2016లో వచ్చింది. పక్షవాతం వచ్చిన 141 మందిలో సగం మంది చేత వీడియో గేములు, మిగతా సగం చేత పేకాట లాంటి మామూలు ఆటలు ఆడించారు. రెండు గుంపులకూ చెయ్యి మెరుగైంది, రెంటికీ మధ్య తేడా లేదు. అది చేతి గురించిన ప్రయోగం, కాలి నిలకడకు అచ్చంగా అన్వయించలేం. అయినా మీకు పనికొచ్చే సంగతి ఒకటి అందులో ఉంది. మేలు కరెంటు ఆట వల్లే రానక్కర్లేదు. మనసు పెట్టి, మళ్లీ మళ్లీ, సరైన అవయవానికి పని పడేలా చేసిన ఏ ఆటైనా పనికొస్తుంది.

కాబట్టి విశాఖ అమ్మాయి చేయించిందీ సరే, మీ ఊరి కుర్రాడు చెప్పిందీ సరే. ఆట లేకుండా బాగుపడరా అంటే బాగుపడతారు, రోజూ చేస్తే. మీ ఇంట్లో కుదరంది ఆ రోజూ చేయడమే. అతను రాని నాలుగు రోజులూ ఆవిడ మంచం మీదే ఉంటున్నారు. ఆ నాలుగు రోజులు నింపడానికి ఆట కావాలి. ఈ మాట అతనికి ఇలాగే చెప్పండి. "మీ వ్యాయామాలకు బదులుగా కాదు తమ్ముడూ, మీరు రాని రోజులకి" అంటే అతను కాదనడనే నా నమ్మకం. తన పనిని తక్కువ చేస్తున్నారని అనిపించినప్పుడు ఎవరైనా వద్దనే అంటారు.

ఇంకో జాగ్రత్త కూడా అతని చేతిలోనే ఉంది. ఆటలో మార్కులు పెరిగాయంటే నిలకడ పెరిగినట్టు కాదు. మనుషులు చాలా త్వరగా ఆటను మోసం చేయడం నేర్చుకుంటారు. బరువు కాలి మీద వేయకుండా నడుము వంచో, భుజం విసిరో బంతిని దొర్లించేస్తారు. తెర మీద గెలుపే, కాలికి మాత్రం పని లేదు. మోకాలు వెనక్కి విరుచుకొని నిలబడటం కూడా ఇలాంటిదే, అది తర్వాత నొప్పి తెస్తుంది. పక్కన తెలిసిన కన్ను ఉండాలనేది ఇందుకే. నిజంగా మెరుగుపడ్డారో లేదో ఆట బయట కొలవాలి. బెర్గ్ బ్యాలెన్స్ స్కేల్ అని ఫిజియోథెరపిస్టులందరికీ తెలిసిన పరీక్ష ఉంది. కూర్చొని లేవడం, కళ్లు మూసుకొని నిలబడటం, కింద వస్తువు తీయడం లాంటి 14 పనులకు మొత్తం 56 మార్కులు. అది ఇప్పుడొకసారి, రెండు నెలలకు ఇంకోసారి చేయమని అడగండి. ఇంట్లో మీరు చూసుకోవడానికి ఇంకొకటి ఉంది: కుర్చీలోంచి లేచి మూడు మీటర్లు నడిచి, తిరిగొచ్చి కూర్చోవడానికి ఎన్ని సెకన్లు పడుతోందో ఫోన్లో చూడటం. కర్ర పట్టుకొనే నడవనివ్వండి, మీరు పక్కనే నడవండి. పెద్దవాళ్లకు 12 సెకన్లు గానీ అంతకు మించి గానీ పడితే పడిపోయే ప్రమాదం ఉన్నట్టు అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ లెక్క. మీ అత్తగారికి ఇప్పుడు అంతకంటే బాగా ఎక్కువే పడుతుంది, టెన్షన్ పడకండి. ఆవిడ సెకన్లను ఆవిడ పాత సెకన్లతోనే పోల్చండి.

ఇప్పుడు అసలు ముడి దగ్గరికి వస్తాను. మీ ఉత్తరంలో మీ ఆయన మాట ఉంది, మరిది మాట ఉంది, మావగారి మాట, థెరపిస్టు మాట, చివరికి పక్కింటావిడ మాట కూడా ఉంది. అందరూ మీతోనే అంటున్నారు, ఎవరూ అత్తగారితో అనడం లేదు. ఆవిడకు మాట బాగానే ఉందని రాసింది మీరే. బుద్ధి, జ్ఞాపకం సరిగా ఉన్న మనిషి తన కాలికి ఏం చేయించుకోవాలో తను చెప్పగలదు. ఆవిడ కోరుకున్నది మీరు చేయిస్తే అది మీ పంతం ఎలా అవుతుంది? "నాకు ఇది కావాలి, పడే ప్రమాదం కొంత ఉందని తెలిసే అడుగుతున్నాను" అని ఆవిడ నోటితో ఆవిడే మావగారికి చెప్పాలి. ఒక ఆదివారం థెరపిస్టుని కూర్చోబెట్టండి, మీ ఆయన్ని వీడియో కాల్‌లో పెట్టండి, మావగారి ఎదుట ఈ సంభాషణ ఒక్కసారి జరగనివ్వండి. అందులో మీరు తక్కువ మాట్లాడండి. పడే అవకాశాన్ని పూర్తిగా తీసేయడం ఎవరి వల్లా కాదని, కదలకుండా కూర్చోబెడితే కాళ్లలో సత్తువ తగ్గి ఆ అవకాశం ఇంకా పెరుగుతుందని థెరపిస్టు నోటి నుంచి వస్తే మావగారు వింటారు. మీరు చెబితే అది కోడలి సమర్థింపుగా మిగిలిపోతుంది.

మావగారి కోపం గురించి ఒక మాట. నలుగురూ నవ్వుతారన్నారంటే, నలభై ఏళ్లు ఇల్లు నడిపిన భార్య పలక మీద తూలుతూ ఉండటం బయటివాళ్లు చూడకూడదని ఆయన బాధ అయి ఉండొచ్చు. అది ప్రేమే, కరుగ్గా బయటికొచ్చింది. అలాగైతే ఆయనకి చేయగలిగే పని ఒకటి ఇవ్వండి. పొద్దున దుకాణం తెరిచే ముందు పది నిమిషాలు ఆయన ఎడమ పక్కన నిలబడవచ్చు, లెక్క రాయవచ్చు. లోపలి గదిలో తలుపు వేసుకొని ఆడుకుంటే ఎవరూ చూడరు కూడా. ఆయన ససేమిరా అంటే రెండు దారులున్నాయి. ఆయన దుకాణంలో ఉన్న వేళ ఆయనకు తెలిసేలాగే మొదలుపెట్టడం ఒకటి. కొన్నాళ్లు ఆగి, ఆవిడ నడకలో మార్పు ఆయన కళ్లబడ్డాక మళ్లీ అడగడం రెండోది. మొదటి దాంట్లో కొద్ది రోజులు ఇంట్లో ముఖాలు ముడుచుకుంటాయి. రెండో దాంట్లో శాంతి ఉంటుంది కానీ రోజులు పోతాయి. పక్షవాతం తర్వాత వేగంగా కోలుకొనేది తొలి నెలల్లోనే. ఆ తర్వాత కూడా మెరుగుపడతారు, కానీ ఆ మెరుగు సాధన మీదే ఆధారపడుతుంది. ఆయనకు తెలియకుండా చాటుగా ఆడించడం మాత్రం చేయకండి. ఏ చిన్నది జరిగినా ఆ మాట మీ మీదే నిలుస్తుంది.

రాత్రి పడిన సంగతికి ఆటతో సంబంధం లేదు, మీ అజాగ్రత్తతోనూ లేదు. నిద్రమత్తులో, చీకట్లో, గడప దాటుతూ, తడి నేల మీద కాలు పెట్టడం పక్షవాతం వచ్చిన మనిషికి ఏ పలకకన్నా ప్రమాదం. మీ ఆయన ఆట పెట్టెకు పెట్టాలనుకున్న డబ్బులో మొదటి వాటా బాత్రూముకే పోవాలి. బాత్రూములో కుడి చేతికి అందేలా గోడకు గట్టి స్టీలు రాడ్డు, ఎత్తయిన కమోడ్ సీటు, జారని మ్యాటు, మంచం నుంచి బాత్రూము దాకా రాత్రంతా వెలిగే చిన్న లైటు, గడప దగ్గర వాలు చెక్క. మంచం పక్కన ఒక కాలింగ్ బెల్ బటన్. ఇవన్నీ కలిపినా ఆట పెట్టె ధర కంటే పెద్ద ఖర్చు కాదు. ఇవి అయ్యేదాకా ఆట సంగతి వాయిదా వేసినా నేను తప్పు పట్టను.

ఆట కొనకుండానే ఈ వారం మొదలుపెట్టగలిగింది ఒకటి చెబుతాను. ఒకే రకం బరువు చూసుకొనే మిషన్లు రెండు తెచ్చి పక్కపక్కన పెట్టండి. వంటింటి గట్టు ఎదురుగా, వెనక గోడకు ఆనించిన బరువైన చెక్క కుర్చీ, కుడి చేయి గట్టు మీద. ఒక్కో మిషన్ మీద ఒక్కో పాదం. ఆవిడ బరువు 58 కిలోలనుకుందాం, కుడి మిషన్ 38, ఎడమది 20 చూపిస్తుందేమో. ఆవిడ కిందకి చూడకూడదు, తల వంచితే తూలుతారు. మీ పెద్దబాబు చదివి చెప్పాలి. ఎడమ అంకె 23 దాకా తెచ్చి ఐదు లెక్కపెట్టేవరకు నిలిపితే ఒక చింతపిక్క గెలిచినట్టు. మర్నాడు 24. విశాఖలో పలక చేసింది ఇదే పని, తెర లేదంతే. రెండో ఆట వామనగుంటలు. పీట మీద కూర్చొని కాదు, నడుము ఎత్తు బల్ల మీద పెట్టి, నిలబడి ఆడాలి. ఎడమ చివరి గుంటలో పిక్క వేయడానికి కుడి చెయ్యి చాచినప్పుడల్లా బరువు ఎడమ కాలి మీదకు వెళుతుంది. పిల్లలకి ఆడేవాళ్లు దొరికినట్టూ ఉంటుంది, మీకు అరగంట తెరిపీ దొరుకుతుంది. రెండూ మొదటిసారి థెరపిస్టు ఎదుట చేయించి, అతను సరేనన్నాకే మీరు చేయించండి. అతను ఇచ్చే కాగితం ఒడియాలో ఉంటే మీకు చదవడం రాకపోవచ్చు, అతను చేసి చూపిస్తుంటే ఫోన్లో వీడియో తీసుకోండి. అత్తగారికి ఒడియా వచ్చు కదా, అతని మాటలు ఆవిడే మీకు తెలుగులో చెబుతారు.

ఏ ఆటైనా మీరు నిలబడాల్సింది ఆవిడకు ఎడమ పక్కన, ఒక అడుగు వెనక. పట్టుకోవాల్సింది నడుముకు కట్టిన వెడల్పాటి బెల్టునే. తూలినప్పుడు ఎడమ చెయ్యి పట్టి లాగితే బలహీనంగా ఉన్న ఆ భుజం కీలు జారవచ్చు. చీర కుచ్చిళ్లు పైకి దోపుకోవాలి, లేదంటే చీలమండ పైకి ఉండే నైటీ. తిన్న వెంటనే వద్దు. బీపీ మాత్రలు వేసుకొనేవాళ్లకు లేచిన వెంటనే కళ్లు తిరగవచ్చు, రెండు నిమిషాలు కూర్చొని లేవనివ్వండి. మొదట్లో పది నిమిషాలు చాలు, ఇంకా ఆడతానన్నా ఆపండి, అలసిన కాలే తప్పుతుంది. గుండె నొప్పి, ఆయాసం వస్తే ఆపేయండి. ముఖం ఒక పక్కకు పోవడం, మాట తడబడటం, కొత్తగా చెయ్యో కాలో బలం తగ్గడం కనిపిస్తే 108కి ఫోన్ చేయండి. అది థెరపిస్టుని అడిగి చూద్దాం అనుకొనే విషయం కాదు.

మార్గశిర లక్ష్మివారం ముగ్గు ఆశను గట్టిగా పట్టుకోండి. చికిత్సకు ఇంత మంచి లక్ష్యం దొరకడం అదృష్టం. బంతి గుంటలో పడటం కోసం ఆవిడ కొన్ని వారాలు ఆడతారు, ముగ్గు కోసమైతే కొన్ని నెలలు ఓర్చుకుంటారు. థెరపిస్టుకి ఈ సంగతి తెలుసా? చెప్పకపోతే చెప్పండి. ఒడియా ఇళ్లలోనూ మార్గశిర గురువారాల్లో లక్ష్మీపూజకు వాకిట్లో ముగ్గు వేస్తారు కాబట్టి అతనికి వివరించాల్సిన పని లేదు. మొదట బల్ల మీద పళ్లెంలో పిండితో, నిలబడి. తర్వాత ఎత్తు స్టూలు మీద కూర్చొని ముందుకు వంగి. ఆ తర్వాత స్టూలు ఎత్తు తగ్గించుకుంటూ. గొంతుకూర్చొని వేయడం ఈ మార్గశిరానికి కుదరకపోవచ్చు, కింద నుంచి లేవడం చాలా కష్టమైన పని. స్టూలు మీద కూర్చొని వేసినా ముగ్గు ముగ్గేనని ఆవిడకు ఇప్పుడే చెప్పి ఒప్పించండి, ఆ రోజున నిరాశ పడకుండా.

మీ అలసట గురించి మీరు ఒక్క వాక్యమే రాశారు. అది ఒక్క వాక్యంతో పోయేది కాదు. ఆట పెట్టె ఇంటికొస్తే తీయడం, పెట్టడం, పక్కన నిలబడటం అన్నీ మీ పనులే అవుతాయి. మీ ఆయనతో స్పష్టంగా మాట్లాడండి: వస్తువు పంపడం కంటే ముందు పది రోజులు సెలవు పెట్టి రావాలి, థెరపిస్టు దగ్గర మీతో పాటు ఆయనా నేర్చుకోవాలి. ఆ పది రోజులూ అమ్మ పక్కన నిలబడే పని ఆయనది. మరిది కూడా నెలకొకసారి వచ్చి రెండు రోజులు ఉండగలడేమో అడగండి. సలహా ఇచ్చిన ఇద్దరికీ ఇది న్యాయమైన కోరికే.

హెడ్‌సెట్ మాత్రం వద్దని మరిదికి చెప్పేయండి. కళ్లు మూసే ఆ పరికరం పెట్టుకుంటే గది కనిపించదు, గట్టు కనిపించదు, మీరు కనిపించరు. నిలకడ లేని మనిషికి ఉన్న మూడు ఆధారాల్లో కళ్లు ఒకటి, దాన్ని బొమ్మల లోకానికి అప్పగిస్తే తల తిరిగి పడతారు. ఆసుపత్రుల్లో పైనుంచి బెల్టులతో కట్టి వాడే పద్ధతులు వేరు, ఇంట్లో అది కుదరదు.

నెలకొకసారి విశాఖ తీసుకెళ్లి ఆ పలక మీద ఆడించి తీసుకురావడం ఇంకో దారి. తెలిసిన చేతుల్లో భయం లేకుండా ఉంటుంది, ఆవిడకు ఎదురుచూసే రోజు ఒకటి ఉంటుంది. కానీ నెలకొక్క రోజు సాధనతో కాలికి ఏమీ రాదు, పైగా బస్సు ప్రయాణపు అలసట. మూడు నెలలకోసారి డాక్టరుకి చూపించడానికి వెళ్లినప్పుడు మాత్రం అక్కడ ఒక గంట అడిగి తీసుకోండి. ఒకసారి సమగ్రంగా పరీక్ష చేయించి పద్ధతి రాయించుకోవాలనుకుంటే కటక్ దగ్గర ఓలట్‌పూర్‌లో కేంద్ర ప్రభుత్వ పునరావాస సంస్థ ఎస్వీనిర్తార్ ఉంది. ఫిజియోథెరపీ, రోజువారీ పనులు మళ్లీ చేసుకోవడం నేర్పే ఆక్యుపేషనల్ థెరపీ రెండూ అక్కడ దొరుకుతాయి.

ఇక పాత పెట్టె కొనడం. మిషన్ల ఆట, వామనగుంటలు ఒక నెల నడిచాక కూడా ఆవిడ ఆ పెట్టెనే అడుగుతుంటే, థెరపిస్టు ఒప్పుకుంటే, కొనండి. ఆవిడకు అంత ఇష్టమైనది ఖర్చు దండగ అని నేను అనను. డబ్బు కట్టే ముందు మీ ఆయన్ని ఇవి చూడమనండి. ఆ ఆటను టీవీలో నడిపే పెట్టె పేరు 'వీ', నింటెండో కంపెనీ ఆ యంత్రం తయారు చేయడం ఎప్పుడో ఆపేసింది, రిపేరు, వారంటీ ఉండవు. పలక ఒక్కటే కొంటే పని చేయదు, యంత్రం, పలక, ఆట డిస్కు మూడూ కావాలి, డిస్కు ఆ యంత్రం అమ్మిన ప్రాంతానిదే అయి ఉండాలి. మీ టీవీకి ఎరుపు, తెలుపు, పసుపు పిన్నులు గుచ్చే చోటు లేకపోతే అడాప్టర్ కొనాలి. పలకలో బ్యాటరీలు కారి తుప్పు పట్టిందేమో ఫొటో అడగండి. పలక నేల మీంచి రెండంగుళాల ఎత్తుంటుంది. పడేది ఎక్కేటప్పుడూ దిగేటప్పుడే ఎక్కువ, కాబట్టి గట్టు దగ్గరే పెట్టి, ఎక్కేటప్పుడు కుడి కాలు ముందు, దిగేటప్పుడు ఎడమ కాలు ముందు. ఆ ఆట మొదట్లో ఒక పరీక్ష పెట్టి "మీ శరీరం వయసు ఇంత" అని చెబుతుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ల లెక్కతో వేసే అంకె అది, మీ అత్తగారి మనసు నొచ్చుకుంటుంది, ఆ అంకెను పట్టించుకోవద్దని ఆవిడకు ముందే చెప్పండి. గంతులు వేయాల్సినవి, ఒంటికాలి మీద నిలబడాల్సినవి తెరవనే వద్దు. ఏ ఆటలు ఆడవచ్చో థెరపిస్టు చేత ఒక కాగితం మీద రాయించి టీవీ పక్కన అతికించండి, మావగారికి కూడా కనిపించేలా.